చెట్టు కొట్టే పనికి రేటు ఎలా కట్టాలి, కొటేషన్ ఎలా ఇవ్వాలి

ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒకసారి గేటు దగ్గరే నిలబడి చెట్టు చూసి రేటు చెప్పేశాను. ఇంటి వెనక 40 అడుగుల చెట్టు, మాను అడుగున్నర మందం, పచ్చగా ఉంది, పైన కరెంటు తీగల్లేవు. ముగ్గురం వెళ్తే ఒక్కరోజు పని అనిపించింది, ఒక్కరోజు రేటే చెప్పాను. అనుకున్నట్టే మధ్యాహ్నానికల్లా చెట్టు నేల మీద ఉంది. అసలు పని అప్పుడు మొదలైంది. ఇంటికీ ప్రహరీకీ మధ్య సందు రెండడుగులకు మించి లేదు, చక్రాల బండి పట్టదు, దుంగల్ని అడుగున్నర ముక్కలుగా కోసినా ఒక్కోటి 70, 75 కిలోలు తూగింది. ఇద్దరు పక్కపక్కన నడిచే చోటు లేక, ముందున్నవాడు వెనక్కి నడుస్తూ ఒక్కో ముక్కా మోశాం. చీకటి పడింది. మర్నాడు మళ్లీ వస్తే సాయంత్రానికి గానీ తెమల్లేదు. మధ్యలో ఒక దుంగ చేయి జారి గచ్చు మీద రెండు టైల్స్ పగిలాయి, అవీ నేనే వేయించి ఇచ్చాను. రెండో రోజు కూలి మొత్తం నా జేబులోంచే పోయింది.

ఆ ఇంటాయన తప్పేం లేదు, చెప్పిన డబ్బు చెప్పినట్టు చేతిలో పెట్టాడు. చెట్టు ఎంత పెద్దదో చూశాను గానీ అది ఆ స్థలంలోంచి బయటికి ఎలా వెళ్తుందో నేనే చూడలేదు. ఈ పనిలో నష్టపోయేవాళ్లలో ఎక్కువమంది ఇలాగే నష్టపోతారు. రంపం తిరిగే టైమ్ అందరూ బాగానే అంచనా వేస్తారు, మిగతా టైమే ఎవరి లెక్కలోకీ రాదు. ఇద్దరు ముగ్గురు మనుషులు, ఒక బండి, రెండు మూడు మెషిన్ రంపాలతో పని చేసుకునేవాళ్ల కోసం, రేటు ఎలా కట్టాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

ముందు మీ గంట ఖరీదు తేల్చుకోండి

చెట్టు దగ్గరికి వెళ్లకముందే మీకు ఒక అంకె తెలిసి ఉండాలి. మీ టీమ్ ఒక గంట పని చేస్తే, లాభం కలపకుండా, మీకు ఎంత ఖర్చవుతుంది? ఇది తెలియనివాళ్లు పక్కవాడు ఎంత తీసుకుంటున్నాడో కనుక్కుని దానికి కాస్త తగ్గించి చెబుతారు. ఆ పక్కవాడికే గిట్టుబాటు అవుతోందో లేదో ఎవరికి తెలుసు.

గంట ఖరీదులో మూడు భాగాలు ఉంటాయి. మొదటిది కూలి, అందులో మీ కూలి కూడా ఉండాలి. మీరు చెట్టెక్కుతారా, కింద తాడు పట్టుకుంటారా అన్నది వేరే సంగతి, మీ పనికి ఇంకొకర్ని పెట్టుకుంటే ఎంత ఇవ్వాలో అంత రాయండి. "మిగిలిందే నాది" అనుకుంటే కొన్ని నెలలు మీ దగ్గర పనిచేసేవాళ్ల కన్నా మీకే తక్కువ పడుతుంది. రెండోది పని జరిగినప్పుడే అయ్యే ఖర్చు, అంటే పెట్రోలు, చైన్ ఆయిల్, రంపం చైన్లు, ఆ చైన్ తిరిగే బార్లు, తాళ్లు. తాడు అరిగే వస్తువని చాలామంది మర్చిపోతారు. బరువు దించే తాడు చూడ్డానికి బాగున్నా, గట్టి కుదుపులు తిన్నాక దాన్ని పక్కన పెట్టేయాల్సిందే, కాబట్టి దాని ఖరీదు గంటల మీద పడాలి. మూడోది పని ఉన్నా లేకపోయినా అయ్యే ఖర్చు. ఇన్సూరెన్స్, లైసెన్సులు, బండి వాయిదాలు, మెషిన్ల తరుగుదల, రిపేర్లు, ఫోన్, షెడ్డు అద్దె ఇవన్నీ అందులోకి వస్తాయి.

ఈ మూడో భాగం దగ్గరే లెక్క తప్పుతుంది. ఒక ఉదాహరణ చెబుతాను, అంకెలు అర్థం కావడానికే, మీ డబ్బులో మీ అంకెలు వేసుకోండి. ఏడాదికి ఈ స్థిరమైన ఖర్చు 22,000 అనుకుందాం. దాన్ని ఎన్ని గంటలతో భాగించాలి? వారానికి ఆరు రోజులు, రోజుకు 8 గంటలు అంటే ఏడాదికి 2,500 గంటలు వస్తాయి, గంటకు 9 కూడా పడదు. కానీ అన్ని గంటలు ఎవరూ పని చేయరు. వానలు, గాలి, సెలవులు, మెషిన్ పాడైన రోజులు, పని దొరకని రోజులు తీసేస్తే 200 రోజులు మిగిలితే గొప్ప. ఆ రోజుల్లో కూడా ప్రయాణం, సామాను ఎక్కించడం దించడం, చెట్లు చూసి రావడం పోతే, కస్టమర్ డబ్బిచ్చే గంటలు 5 దాటవు. అంటే 1,000 గంటలు. 22,000ని 1,000తో భాగిస్తే గంటకు 22. తొమ్మిది అనుకుని రేటు చెప్పినవాడు గంట గంటకూ 13 పోగొట్టుకుంటూ, పని నిండుగా ఉంది కదా అని సంతోషంగా ఉంటాడు. పాత బండి మూలబడి కొత్తది కొనాల్సి వచ్చిన రోజు తెలుస్తుంది డబ్బు ఎటు పోయిందో.

ముగ్గురి కూలి గంటకు 30, పెట్రోలు చైన్లు తాళ్లు కలిపి 8, స్థిరమైన ఖర్చు 22 అనుకుంటే గంట ఖరీదు 60. ఈ 60 గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వాడతాను.

చెట్టు దగ్గర ఏం చూడాలి

ఫోన్లో రేటు అడుగుతారు. ఫోటోలు పంపమనండి. మొత్తం చెట్టు కనిపించేలా, పక్కన ఒక మనిషి నిలబడి ఒకటి, మొదలు దగ్గర్నుంచి ఒకటి, పైకి చూస్తూ ఒకటి, గేటు నుంచి చెట్టు దాకా దారి కనిపించేలా ఒకటి. వాటిని చూసి "ఇంత నుంచి ఇంత మధ్యలో ఉండొచ్చు, వచ్చి చూశాకే చెప్తాను" అనండి, అంతకు మించి మాటివ్వొద్దు. మీరు నోటితో అన్న చిన్న అంకే వాళ్లకు గుర్తుంటుంది.

అక్కడికి వెళ్లాక నేను ముందు చెట్టు చూడను. బండి ఎక్కడ ఆగుతుందో చూస్తాను, అక్కణ్ణుంచి చెట్టు దాకా అడుగులు లెక్కపెడుతూ నడుస్తాను. మెట్లున్నాయా, గేటు వెడల్పెంత, నేల మెత్తగా ఉందా, సెప్టిక్ ట్యాంక్ మూత ఎక్కడుంది, నీళ్ల పైపులు ఏ పక్క నుంచి పోతున్నాయి, ఇంటివాళ్లకు ప్రాణమైన పూలమొక్కలు ఏవి. కొమ్మలు లాగడం, దుంగలు మోయడం, ఊడ్చడం కలిపితే చాలా పనుల్లో సగానికి పైగా టైమ్ అక్కడే పోతుంది, కాబట్టి ఆ నడకే మీ అంచనాలో పెద్ద భాగం. 20 అడుగుల దూరం లాగే కొమ్మని 100 అడుగులు లాగాలంటే ఎంతవుతుందో ఒకసారి మీరే లాగి చూస్తే తెలిసిపోతుంది.

తర్వాత చెట్టు కింద ఏముందో చూడాలి. ఖాళీ చేలో ఉన్న చెట్టుకు పడాల్సిన పక్క గాటు పెట్టి, మధ్యలో కాస్త కలప కీలులా కోయకుండా వదిలి, వెనక కోత కోస్తే అరగంటలో పడిపోతుంది. అదే చెట్టు ఒక పక్క ఇల్లు, ఇంకో పక్క రేకుల షెడ్డు మధ్య ఉంటే పై నుంచి ముక్క ముక్కగా తాళ్లతో దించాలి, రోజంతా పడుతుంది. చెట్టు ఒకటే అయినా ఒకచోట రేటుకు ఇంకోచోట రేటుకు ఐదారు రెట్లు తేడా రావచ్చు, అందులో వింతేమీ లేదు. తాడుకు కట్టిన దుంగ కాస్త కిందికి పడి ఆగినా తాడు మీద, కట్టిన కొమ్మ మీద పడే భారం దాని బరువుకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే ముక్కలు చిన్నవిగా కోయాలి, కోతలు ఎక్కువవుతాయి, గంటలు పెరుగుతాయి.

ఎత్తు కొలవడానికి ఒక పుల్ల చాలు. చేయి చాచితే కంటి నుంచి పిడికిలి దాకా ఎంత ఉందో అంత పొడవు పుల్లను నిలువుగా పట్టుకుని, కింది కొస మొదలు దగ్గర, పై కొస చెట్టు చివర ఆనేదాకా వెనక్కి నడవండి. నేల సమంగా ఉంటే, మీరు ఆగిన చోటి నుంచి చెట్టుకు ఎంత దూరమో దాని ఎత్తు దాదాపు అంతే. మందానికి ఛాతీ ఎత్తున టేపు చుట్టి చుట్టుకొలతను 3.14తో భాగించండి. ఇక్కడ చాలామంది దెబ్బ తినే చోటు ఒకటుంది. మందం రెట్టింపైతే కలప రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. పచ్చి కలప చాలా చెట్లలో ఘనమీటరుకు టన్ను అటూ ఇటూ ఉంటుంది. ఆ లెక్కన అడుగు మందం, మూడడుగుల పొడవున్న దుంగ 65, 70 కిలోలు, ఇద్దరు ఎత్తేస్తారు. రెండడుగుల మందం, అదే పొడవు దుంగ 270 కిలోల దాకా ఉంటుంది, దాన్ని ఇంకా కోయాలి లేదా మెషిన్ తేవాలి. "ఆ చెట్టుకు ఇంత తీసుకున్నాం, ఇది దానికి రెండింతలుంది, రెండింతలు తీసుకుందాం" అన్న లెక్క ఇందుకే నిలబడదు.

చెట్టు బతికుందా, చచ్చిందా, లోపల పుచ్చిందా అన్నది మిగతా అన్నిటికన్నా నిదానంగా చూడండి. ఒకసారి చూడ్డానికి నిక్షేపంలా ఉన్న చెట్టుకు, వెనక పక్క మొదట్లో, నేలకు జానెడు ఎత్తున, అరచేయంత పుట్టగొడుగు ఒకటి చెక్కలా గట్టిగా అతుక్కుని ఉంది, పక్కనున్న మొక్కల వల్ల కనబడట్లేదు. చెక్క సుత్తితో మాను చుట్టూ కొట్టుకుంటూ వస్తే మూడు పక్కల టక్ టక్ మంది, నాలుగో పక్క ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు డొల్లగా పలికింది. అలాంటి చెట్టుకు మనిషిని ఎక్కించకూడదు. ఎండిపోయి ఏళ్లయిన చెట్లు కూడా అంతే, కొమ్మ ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం, తాడు కట్టిన చోటే ఊడిరావచ్చు. లిఫ్ట్ బండో క్రేనో తెప్పించాలి, దాని అద్దె, అది నిలబడే చోటు, వచ్చిపోయే ఖర్చు అన్నీ రేటులో కలవాలి. కస్టమరు "ఎండిన చెట్టే కదా, తేలిక కదా" అంటాడు. ఆ సుత్తి ఆయన చేతికే ఇచ్చి కొట్టి చూడమనండి.

కరెంటు తీగల దగ్గర మాత్రం రేటు పెంచి సర్దుకునే పని కాదు. కొమ్మ తీగకు తగలక్కర్లేదు, దగ్గరికి వెళ్లినా హైవోల్టేజి దూకుతుంది, పచ్చి కొమ్మలోంచి కరెంటు పారుతుంది. కరెంటు సంస్థతో మాట్లాడి లైన్ ఆపించాకో, వాళ్లు తీగల దగ్గరి కొమ్మలు కొట్టాకో మాత్రమే మన పని అని కొటేషన్లోనే రాయండి. దానికయ్యే డబ్బు ఎవరిస్తారని కస్టమరు అడిగితే, ఆ పని తీసుకోకండి.

ఇంకొకటి, చెట్టు ఎవరిది? మాను హద్దు మీద ఉంటే పక్కింటివాళ్ల ఒప్పుకోలు కాగితం మీద కావాలి. చాలా ఊళ్లలో చెట్టు తీయాలంటే అనుమతి ఉండాలి, కొన్ని రకాలకు, కొంత మందం దాటినవాటికి రూల్స్ ఇంకా గట్టిగా ఉంటాయి. అనుమతి ఎవరు తెస్తారు, ఫీజు ఎవరు కడతారు అన్నది ముందే తేలాలి. గూళ్లలో పిల్లలున్నాయేమో కూడా చూడండి, ఉంటే కొన్ని వారాలు ఆగుదామని చెప్పడంలో తప్పేం లేదు.

గంటలు వేసి రేటు కట్టడం

ఇప్పుడు లెక్క. ఒక్క అంకెగా "రోజు పడుతుంది" అనకండి, పనిని ముక్కలు చేసి రాయండి. నేను ఇలా రాస్తాను: సామాను దింపి తాళ్లు కట్టడానికి ఒక గంట, పై నుంచి కొమ్మలు దించడానికి రెండున్నర, మాను కోయడానికి ఒకటి, కొమ్మలు లాగి చిప్పర్‌లో (కొమ్మల్ని చిన్న ముక్కలు చేసే మెషిన్) వేయడానికి రెండు, దుంగలు మోయడానికి ఒకటిన్నర, ఊడ్చి సర్దడానికి ఒకటి. మొత్తం 9 గంటలు. ఇలా ముక్కలుగా రాస్తే ఏదైనా మర్చిపోయామా అన్నది కంటికి కనిపిస్తుంది, ఆ సందు లాంటివి తప్పిపోవు.

9 గంటలు, గంటకు 60 చొప్పున 540. చెత్త పారబోసే చోట ఫీజు 60. మొత్తం ఖర్చు 600. దీనికి 20 శాతం లాభం కావాలనుకున్నారు. చాలామంది 600కు 20 శాతం కలిపి 720 అంటారు. అప్పుడు మీకొచ్చిన 120, మీరు తీసుకున్న 720లో దాదాపు 17 శాతమే. తీసుకునే డబ్బులో 20 శాతం మిగలాలంటే 600ను 0.8తో భాగించాలి, 750 అవుతుంది. ఒక్క పనిలో 30 తేడా చిన్నదే, ఏడాదికి 100 పనులు చేస్తే 3,000.

తెలియని విషయాలుంటే లాభంలోంచి భరించకండి, గంటల్లోనే కలపండి. పుచ్చు అనుమానం, ఇరుకు, పాత మేకులు తీగలు మాను లోపల ఉండే అవకాశం ఉంటే నేను గంటలకు 10 నుంచి 25 శాతం దాకా పెంచుతాను. అంతకన్నా ఎక్కువ పెంచాలనిపించిందంటే నాకు ఆ పని ఇంకా సరిగ్గా అర్థం కాలేదనే లెక్క, ఇంకోసారి వెళ్లి చూస్తాను.

చిన్న పనులకు కనీస రేటు ఒకటి పెట్టుకోండి. ఒక్క కొమ్మ కొట్టడానికైనా బండి కదలాలి, ముగ్గురు రావాలి, పూట పోతుంది. అలాగే ఒకే చోట నాలుగు చెట్లుంటే తగ్గించి చెప్పొచ్చు, ఎందుకంటే ప్రయాణం, సామాను దించడం ఒక్కసారే, అంటే నిజంగానే మీకు గంటలు తగ్గుతాయి. ఎన్ని గంటలు తగ్గుతాయో అంతవరకే తగ్గించండి.

మొద్దు తీయడం వేరే పని, వేరే లైను, వేరే రేటు. కొలత ఛాతీ ఎత్తున కాదు, నేల దగ్గర, వేర్లు ఉబ్బి విచ్చుకున్న చోట, వెడల్పు ఎక్కువున్న పక్క నుంచి తీసుకోండి. ఎన్ని అంగుళాల లోతుకు మెషిన్‌తో పొట్టుగా గ్రైండ్ చేస్తారు, పైకి తేలిన వేర్లు కలిపా కాదా, పొట్టు ఎవరు తీసుకెళ్తారు, గుంత ఎవరు పూడుస్తారు, ఇవన్నీ చెప్పండి. గుంతకన్నా పొట్టు కుప్ప ఎప్పుడూ పెద్దగా ఉంటుంది, అది చూసి కస్టమర్లు కంగారుపడతారు. మెషిన్ గేటులో పడుతుందో లేదో టేపుతో కొలవండి, కళ్లతో వద్దు.

కలపంతా మీరే తీసుకోండి, పని ఊరికే చేయండి అనేవాళ్లు తగులుతుంటారు. కొనేవాడు ముందే ఖాయమై, రేటు తెలిసి, మోసుకెళ్లే ఖర్చు పోను ఏమైనా మిగిలితేనే, ఆ మిగిలినంత మీ రేటులో తగ్గించండి. ఇళ్ల మధ్య పెరిగిన చెట్లలో మేకులు, తీగలు ఉంటాయని కోత మిల్లులు చాలాసార్లు వద్దంటాయి. అమ్ముడుపోని దుంగలు మీ షెడ్డులో పడి ఉంటాయి, వాటిని మళ్లీ ఎత్తి పారేయాలంటే ఇంకో పూట.

కొటేషన్ కాగితం

నోటిమాట మీద పని మొదలుపెట్టకండి, తెలిసినవాళ్ల దగ్గరైతే మరీను. మొహమాటంతో డబ్బూ పోతుంది, స్నేహమూ పోతుంది. పెద్ద కాగితాలు అక్కర్లేదు, ఫోన్లో పంపే పది వాక్యాలు చాలు. ఇలా ఉంటే సరిపోతుంది:

"ఇంటి వెనక, ఈశాన్యం మూలనున్న చెట్టు ఒకటి (ఫోటోలో ఎర్ర గుర్తు పెట్టినది) నేల నుంచి 4 అంగుళాల ఎత్తుకు కోసి తీసేస్తాము. కొమ్మలు, దుంగలు అన్నీ మేమే తీసుకెళ్తాము. పని చేసిన చోటు ఊడ్చి అప్పగిస్తాము, సన్నటి రంపపు పొట్టు కొంత మిగలవచ్చు. మొద్దు తీయడం ఇందులో లేదు, కావాలంటే దాని రేటు వేరే. అనుమతి కాగితం మీరు తెచ్చి పని రోజుకు ముందు మాకు చూపించాలి. సందులో ఉన్న కుండీలు, బండ్లు ముందు రోజే తీసి ఉంచాలి. భూమిలో కనిపించని పైపులు, వైర్లు ఎక్కడున్నాయో మీరు చూపించాలి, చూపించనివాటి బాధ్యత మాది కాదు. మాను లోపల ఇనుము, సిమెంటు తగిలితే పని ఆపి మీతో మాట్లాడతాము, అదనపు గంటకు రేటు ఇంత. వాన, గాలి ఉంటే పని వేరే రోజుకు మారుతుంది. పని ఖరారు చేసుకోవడానికి ఇంత అడ్వాన్స్, పని పూర్తయిన రోజే మిగతాది. ఈ రేటు 30 రోజుల వరకు."

ఎర్ర గుర్తు పెట్టిన ఫోటో సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మీరు చూసి వెళ్లిన రోజు ఇంట్లో ఉన్నది ఒకరు, పని రోజు ఉన్నది ఇంకొకరు, వాళ్లు చెయ్యి చూపించిన చెట్టు వేరొకటి అయితే, కొట్టేసిన చెట్టును తిరిగి నిలబెట్టలేం. మాను మీద పెయింటు చుక్క కూడా పెట్టి రండి.

ఇన్సూరెన్స్ కాపీ అడక్కముందే కొటేషన్‌తో పాటు పంపండి. మీ రేటు ఎక్కువెందుకుందో అది చెప్పినంత బాగా మీరు చెప్పలేరు.

బేరం

"ఇంకొకతను సగానికే చేస్తానన్నాడు" అనే మాట వారానికోసారైనా వింటారు. కోపం తెచ్చుకోకుండా ఆ సగంలో ఏమేమున్నాయో అడగండి. దుంగలు తీసుకెళ్తాడా, అక్కడే వదిలేస్తాడా? పైకప్పు పగిలితే ఎవరిది? మనిషికి దెబ్బ తగిలితే ఎవరిది? చాలాసార్లు ఆ సగం రేటు అంటే చెట్టు కొట్టి కుప్ప వదిలేసి వెళ్లడమే.

తగ్గించాలంటే రేటు తగ్గించకండి, పని తగ్గించండి. పైన చెప్పిన 750 పనిలో 10 శాతం తగ్గించమన్నారనుకోండి, 675 అవుతుంది. మీ ఖర్చు మాత్రం 600 దగ్గరే ఉంది. మీ లాభం 150 నుంచి 75కు పడింది, అంటే 10 శాతం అని మీరు వదులుకున్నది లాభంలో సగం. దానికి బదులు "దుంగలు మీ స్థలంలోనే పేర్చి వెళ్తాం, మీరు వాడుకోండి, 90 తగ్గుతుంది" అనండి. ఒకటిన్నర గంట మోత తగ్గింది కాబట్టి ఆ 90 నిజంగానే మీకు ఖర్చు కాదు. అందుకే నేను కొటేషన్‌లోనే మూడు రేట్లు రాస్తాను: చెట్టు కొట్టి కుప్ప వేయడం వరకు ఒకటి, అంతా తీసుకెళ్లి శుభ్రం చేయడం వరకు ఒకటి, మొద్దు కూడా తీయడంతో కలిపి ఒకటి. వాళ్ల దగ్గరున్న డబ్బుకు తగ్గది వాళ్లే ఎంచుకుంటారు, బేరం దాదాపు ఉండదు.

రేటు చెప్పిన ప్రతి పనీ మీకే వస్తుంటే గర్వపడకండి, మీ రేటు తక్కువుందని అర్థం. పదింట్లో నాలుగైదు వస్తే నాకు సరిగ్గానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఒకటీ రావట్లేదంటే రేటు కన్నా ముందు మీరు ఎన్ని రోజులకు కొటేషన్ పంపుతున్నారో చూసుకోండి. చూసొచ్చిన రోజు సాయంత్రానికే పంపేవాడికి వచ్చే పనులు వారం తర్వాత పంపేవాడికి రావు.

టెండర్లు, పెద్ద కాంట్రాక్టులు

అపార్టుమెంట్లు, కాలేజీలు, రోడ్డు పనుల కాంట్రాక్టర్ల దగ్గర పద్ధతి వేరు. అక్కడ చెట్ల లిస్టు ఇచ్చి, మందాన్ని బట్టి ఒక్కో తరగతికి ఒక్కో రేటు రాయమంటారు. లిస్టును నమ్మి ఇంట్లో కూర్చుని రాయొద్దు. స్థలం మొత్తం నడిచి, మీ లెక్కా వాళ్ల లెక్కా సరిపోతున్నాయా చూడండి. 40 అన్నచోట 52 ఉండొచ్చు, మందం రాసిన ఏడాదికీ ఇప్పటికీ చెట్లు పెరిగి ఉండొచ్చు. ప్రశ్నలుంటే గడువులోగా రాసి అడగండి, ఫోన్లో చెప్పింది పనికిరాదు.

చెట్టుకింత అని రాసేటప్పుడు లావు చెట్ల తరగతి దగ్గర జాగ్రత్త, పైన చెప్పిన నాలుగింతల లెక్క ఇక్కడ కూడా ఉంది. డబ్బు ఎప్పుడిస్తారో చదవండి. పని అయ్యాక రెండు నెలలకు బిల్లు వస్తుందంటే ఆ రెండు నెలలు కూలి, పెట్రోలు మీ చేతి నుంచే పెట్టాలి. అంత డబ్బు దగ్గర లేకపోతే లాభమున్న పని కూడా మిమ్మల్ని ముంచేస్తుంది. అప్పు తెచ్చి పెడితే ఆ వడ్డీని మీ రేటులో కలపండి, కొంత కొంత పని అయినప్పుడల్లా బిల్లు ఇచ్చేలా అడిగి చూడండి. ఆలస్యానికి జరిమానా ఉంటే, వాన రోజులు అందులోంచి తీసేస్తారా లేదా కనుక్కోండి.

గాలివాన తర్వాత వచ్చే పని

ఇంటి కప్పు మీద పడిన చెట్టుకు మామూలు రేటు కుదరదు, ఎక్కువ తీసుకోవడం న్యాయమే. వంగి బిగిసి ఉన్న కొమ్మను తప్పు పక్క నుంచి కోస్తే అది బాణంలా కొడుతుంది, ఏది దేన్ని మోస్తోందో తెలియకుండా ఒక్క కోత కూడా కోయకూడదు, పైగా రాత్రిపూట, వానలో. నా లెక్క ఏమిటంటే గంట ఖరీదు ఎంత పెరిగిందో (రాత్రి కూలి, క్రేను, అదనపు మనిషి) అంత పెంచుతాను, వాళ్ల మొహంలో టెన్షన్ చూసి పెంచను. ఆ ఇంట్లో నీళ్లు కారుతుంటాయి, పిల్లలు ఏడుస్తుంటారు, ఎంతడిగినా ఇస్తారు, అందుకే అడగకూడదు. వీలైతే పనిని రెండుగా విడదీయండి. ఇవాళ కప్పు మీదున్నది తీసి టార్పాలిన్ కప్పడం, మిగతాది తెల్లారాక మామూలు రేటుకు. మొదటి కోతకు ముందే నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీసి వాళ్లకు పంపండి, ఇన్సూరెన్స్ వాళ్లు అవే అడుగుతారు.

పని అయిపోయాక

ఇంటికి వెళ్లే ముందు బండిలోనే కూర్చుని అయిదు నిమిషాలు రాయండి. చెట్టు రకం, ఎత్తు, మందం, బండి నుంచి దూరం, ఏ ముక్కకు ఎన్ని గంటలు అనుకున్నాం, ఎన్ని పట్టింది. నేను మొదటి 30 పనులు రాసి చూసుకున్నాక తెలిసింది, నా కోత అంచనాలు దాదాపు సరిగ్గా ఉన్నాయి, మోత మాత్రం ప్రతిసారీ మూడో వంతు తక్కువ వేస్తున్నాను. అప్పట్నుంచి మోత గంటలు వేసుకున్నాక దానికి సగం కలుపుతున్నాను, ఇప్పుడు దాదాపు సరిపోతోంది. మీ తప్పు ఇంకోచోట ఉండొచ్చు, మొద్దు దగ్గరో, తాళ్లు కట్టడం దగ్గరో. ఏడాదికి రెండుసార్లు ఆ నోటుబుక్కు ముందు పెట్టుకుని గంట ఖరీదు కూడా మళ్లీ వేయండి, పెట్రోలు, ఇన్సూరెన్స్ పెరిగిన నెలలోనే వేస్తే ఇంకా మంచిది, పాత రేటుతో ఇచ్చిన కొటేషన్లు అప్పటికి 30 రోజుల గడువులో ఎన్ని ఉన్నాయో కూడా పక్కన రాసుకోండి.